తిన్నగా పోని గుండు

శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి ఇసుకతిన్నెలపై నిలిచి, ఆలయపు రాజగోపురమును చూపి, ‘ఇచటి కది ఎన్ని గజముల దూరము?’ అని నలుగురిని అడిగినచో నాలుగు సమాధానములు వచ్చును. ఒకరు మూడువందలందురు, ఒకరు అయిదువందలందురు. ఎవరి మాటపై వారికి నమ్మకము. ఇది వట్టి కాలక్షేపపు ప్రశ్నగా కనిపించును గాని, వేటగాని చేతి ఆయుధమునకు ఇంతకంటె పెద్ద ప్రశ్న లేదు. వింట నుండి వెడలిన బాణమైనను, తుపాకి నుండి వెడలిన గుండైనను, తిన్నగా పోదు. బయలుదేరిన క్షణము నుండియే అది నేలకు దిగజారుచుండును. ఎంత దిగజారునో తెలియవలెనన్న, ఎంత దూరము పోవలెనో ముందు తెలియవలెను.

ఈ ప్రసంగమునకు శ్రీకాళహస్తి తగిన చోటు. వేటగానిని భక్తాగ్రేసరునిగా పూజించు క్షేత్రమిది. బోయపల్లెలో పుట్టి, అడవిలో వేటాడి, తాను వేటాడిన మాంసమునే స్వామికి నివేదించి, తుదకు తన కన్నులనే పెరికి ఇచ్చిన తిన్నని కథను ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమున విస్తరించి చెప్పెను. కన్నప్పయని లోకము కొనియాడునది ఆ తిన్ననినే. అతని పేరులోనే తిన్నదనమున్నది. కాని అతని శరము మాత్రము ఏనాడును తిన్నగా పోయి యుండదు.

లెక్క చూతము. మంచి వేటవిల్లు విడిచిన బాణపు వేగము సెకనుకు సుమారు 150 అడుగులనుకొందము. ముప్పది గజములు, అనగా తొంబది అడుగులు, పోవుటకు దానికి సెకనులో పది పాళ్ళకు ఆరు పాళ్ళ కాలము పట్టును. చేతినుండి జారవిడిచిన రాయి మొదటి సెకనులో పదునారడుగులు పడును. ఆరు పాళ్ళ కాలములో అయిదడుగుల తొమ్మిదంగుళములు పడును. బాణమునకును ఇదే న్యాయము. ముప్పది గజములలో అది మనిషి నిలువెత్తు దిగజారును. అడవిపందిని కొట్టదలచిన బోయవాడు పందికి సూటిగా గురి పెట్టినచో బాణము దాని ముందరి మట్టిలో దిగబడును. అందుచే అతడు బాణపు మొనను పైకెత్తి విడుచును. ఎంత పైకెత్తవలెనో అతనికి ఏ పుస్తకమును చెప్పలేదు. చిన్ననాటినుండి వేలకొలది బాణములు విడిచిన భుజము చెప్పినది, దూరమును కొలిచిన కన్ను చెప్పినది.

విల్లు వేటగానితో అబద్ధమాడదు. బాణము వంగి పోవుట అతడు కంటితో చూచును. తన కందుబాటులో నున్న దూరమేదో, లేనిదేదో అతనికి స్పష్టము. తుపాకి వచ్చిన పిదపనే ఈ విషయమున మానవునకు భ్రాంతి కలిగినది. గుండు కంటికి కనిపించదు. మీట నొక్కుటయు, జంతువు పడుటయు ఒక్కటే క్షణమనిపించును. కనుక గుండు చూపు వెంట తిన్నగా పోవునని లోకము తలచినది. నేటికిని తలచువారు కలరు.

ఒక తుపాకి గుండు వేగము సెకనుకు 2,400 అడుగులనుకొందము. మధ్యకాలపు వేటరైఫిళ్ళలో ఇది సామాన్యమైన వేగమే. గాలి అడ్డును తాత్కాలికముగా మరతము. నూరు గజములు పోవుటకు దానికి సెకనులో ఎనిమిదవ వంతు పట్టును. అంతలో అది మూడంగుళములు దిగజారును. రెండువందల గజములకు ఆరంగుళములు కాదు, పన్నెండంగుళములు. మూడువందలకు ఇరువదియేడు. నాలుగువందలకు నలువదియెనిమిది, అనగా నాలుగడుగులు. దూరము రెట్టించిన పతనము నాలుగింతలగును, మూడింతలైన తొమ్మిదింతలగును. నూరు గజములలో పెద్దగా కనిపించని మూడంగుళములు నాలుగువందల గజములలో దుప్పి వీపునుండి దాని కాళ్ళవరకు గల దూరమగును.

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. ‘గుండు మొదట కొంత పైకి లేచునని వేటగాండ్రు చెప్పుదురు కదా?’ అని. పైకి లేచుట నిజమే. కాని అది గుండు స్వభావము కాదు. గొట్టముపై నున్న గురి గుర్తులను అమర్చుటలోనే గొట్టపు మూతి కొంచెము పైకి చూచునట్లు చేయుదురు. చూపు రేఖ తిన్ననిది; గొట్టపు రేఖ దానికంటె కొంచెము మీదికి వాలినది. గుండు చూపు రేఖను క్రిందినుండి దాటి, పైన కొంత దూరము పోయి, మరల క్రిందికి దిగుచు దానిని రెండవ మారు దాటును. ఆ రెండవ కూడలి ఎన్ని గజములయొద్ద ఉండవలెనో నిర్ణయించుటనే తుపాకిని ఆ దూరమునకు సరిపెట్టుట యందురు. ఆ దూరమునకు ఇవతల గుండు కొంత ఎత్తుగా, అవతల పల్లముగా తగులును.

ఈ వంపు రహస్యమును కనిపెట్టినవారు వేటగాండ్రు కారు, ఫిరంగుల పండితులు. ఇటలీ దేశస్థుడగు టార్టాగ్లియా 1537లో ఫిరంగిగుండ్ల గమనముపై గ్రంథము వ్రాసెను. నూరేండ్ల పిదప, 1638లో, గెలీలియో గుండుకు రెండు గమనములు ఒక్కసారే జరుగుచుండునని తేల్చెను: ఒకటి మారని వేగముతో ముందుకు, మరియొకటి క్షణక్షణము పెరుగు వేగముతో క్రిందికి. ఆ రెండును కలిసి ఏర్పరచు వంపును గణితజ్ఞులు పరవలయమందురు. లెక్క అందముగా నున్నది. కాని అందులో గాలి లేదు. గాలి అంత పలుచని పదార్థము సీసపు గుండును ఏమి చేయగలదని పలువురు దానిని విడిచిరి.

ఆ పొరపాటును దిద్దినవాడు బెంజమిన్ రాబిన్స్ అను ఆంగ్లేయుడు. ఆయన కథ చిత్రముగా మన తీరముననే ముగిసినది. దానికి శ్రీకాళహస్తితో ఒక దూరపు చుట్టరికము కూడ కలదు. 1639లో ఆంగ్ల కంపెనీవారికి చెన్నపట్టణపు నేలను ఇచ్చినవారు దామెర్ల వెంకటాద్రి నాయకుడును, ఆయన సోదరుడును. కాళహస్తి సంస్థానమును తరతరములుగా ఏలినది ఆ దామెర్లవారి వంశమే. ఆ నేలపై లేచిన సెంట్ జార్జి కోటను 1746లో ఫ్రెంచివారు పట్టుకొనిరి. 1749లో మరల ఇచ్చివేసిరి. దెబ్బతిన్న కోటలను బాగుచేయించుటకు కంపెనీవారు పంపిన ప్రధాన ఇంజనీరే రాబిన్స్. 1750లో ఆయన కడలూరు దగ్గరి సెంట్ డేవిడ్ కోటకు వచ్చి చేరెను. ఏడాది తిరుగగనే జ్వరపీడితుడై 1751 జూలై 29న అచటనే కన్నుమూసెను. అప్పటి కాయన వయస్సు నలువదినాలుగేండ్లు.

ఇంగ్లండు నుండి బయలుదేరుటకు ముందే, 1742లో, ఆయన తుపాకివిద్యకు క్రొత్త సూత్రములను చెప్పు గ్రంథమును ప్రకటించి యుండెను. అందలి సాధనము ఒక పెద్ద ఊయెల వంటిది. బరువైన దుంగను వ్రేలాడదీసి దానిపై గుండు పేల్చును. గుండు దుంగలో దిగబడి దానిని వెనుకకు ఊపును. ఎంత ఊగెనో ఒక పట్టీ సాయమున కొలుచును. గుండు బరువు, దుంగ బరువు, ఊగిన మేర తెలిసినచో గుండు వేగము లెక్కకు వచ్చును. కంటికి కనిపించని వేగము ఆనాడు తొలిసారి అంకెలలోనికి దిగినది. తుపాకిని దుంగకు దగ్గరగా ఒకమారు, దూరముగా ఒకమారు పేల్చి, నడుమ గాలి ఎంత వేగమును దొంగిలించెనో ఆయన కనుగొనెను.

ఫలితము పండితులను దిగ్భ్రాంతులను చేసినది. ముప్పావు అంగుళపు సీసపు గుండు సెకనుకు 1,600 అడుగులకు పైబడిన వేగముతో పోవునపుడు దానిని గాలి నెట్టు బలము గుండు బరువునకు నూరు రెట్లను మించి యుండును. గాలిలేని లెక్క ప్రకారము అట్టి గుండు పదునారు మైళ్ళు పోవలెను. నిజమునకు అది ఒక మైలు కూడ పోదు. అంతటి గణితజ్ఞుడగు ఆయిలరు 1745లో రాబిన్సు గ్రంథమును జర్మను భాషలోనికి మార్చి, దానికి తన వ్యాఖ్యను చేర్చెను. గొట్టము లోపల మెలికల గాడులు చెక్కిన తుపాకిలో గుండు బొంగరమువలె తిరుగుచు దారి తప్పక పోవునని కూడ రాబిన్స్ 1747లో చెప్పెను. గాడుల గొట్టము గల ఆ తుపాకియే రైఫిలు.

గాలి ముచ్చట వేటగానికెందుకని అనరాదు. గాలి వేగమును హరించుచున్నకొలది గుండునకు ప్రయాణకాలము పెరుగును. కాలము పెరిగినకొలది పతనము పెరుగును. మనము ఇందాక వేసిన గాలిలేని లెక్కలో నాలుగువందల గజములకు నాలుగడుగుల పతనము వచ్చినది. 1910లో ఆంగ్ల సైన్యము స్వీకరించిన 303 తూటా గుండు వేగము, గొట్టపు మూతివద్ద, దాదాపు అంతియే: సెకనుకు 2,440 అడుగులు. మొన తేలిన ఆ గుండు కూడ నాలుగువందల గజములలో సుమారు అయిదడుగులు దిగజారును. మొద్దుమొన గల గుండైనచో గాలి మరింత బలముగా పట్టుకొనును.

పందొమ్మిదవ శతాబ్దమున రైఫిళ్ళు సైన్యములలో వ్యాపించిన పిదప గొట్టముపై మెట్లుమెట్లుగా పైకి జరుగు గురిపట్టీలు వెలసినవి. ఏ దూరమునకు ఏ గీతవద్ద నిలుపవలెనో పట్టీపైననే చెక్కి యుండును. పతనపు లెక్క ఇక సైనికుడు వేయనక్కరలేదు. ఇటలీ సేనాధికారి సియాచ్చి 1880లో చూపిన పద్ధతి వలన ఆ లెక్కలు పట్టికలుగా మరింత సులభమైనవి. కాని పట్టీపై గీతలన్నియు ఉన్నను, ఏ గీతను ఎన్నుకొనవలెనో చెప్పువారెవరు? దూరము తెలిసిననే కదా గీత తెలియుట! అందుచేతనే 1853లో ఇంగ్లండులోని హైత్ అను ఊర స్థాపింపబడిన తుపాకి పాఠశాలలో కాల్చుట నేర్పుటతోపాటు, దూరమును కంటితో అంచనా కట్టుట కూడ నేర్పిరి. విజ్ఞానము మూడువందల ఏండ్లు నడిచి, మరల తిన్నని కన్నువద్దకే వచ్చి చేరినది.

కన్ను చేయు మోసములు కొన్ని ఎరుగదగినవి. ఎండ మన వెనుకనుండి వస్తువుపై పడునపుడు, వర్షము వెలిసి గాలి నిర్మలమైనపుడు, నడుమ నీరో, ఇసుకపర్రయో, లోయయో ఉన్నపుడు వస్తువు దగ్గరగా తోచును. మసక వెలుతురులోను, గుబురుల మాటునను, రెండుప్రక్కల చెట్లున్న పొడుగుదారిలోను అది దూరముగా తోచును. స్వర్ణముఖి ఇసుకలో నిలిచి అడిగిన ప్రశ్నకు నాలుగు జవాబులు వచ్చుటకు కారణమిదియే.

దీనికొక ఉపాయము కలదు. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురము 2010 మే 26న కూలిపోయినది. దాని స్థానమున లేచి 2017లో కుంభాభిషేకము పొందిన క్రొత్త గోపురపు ఎత్తు 144 అడుగులు. ఒక కొలబద్దను కంటికి ఇరువదియైదంగుళముల దూరమున నిలువుగా పట్టుకొని ఒక కన్ను మూసి చూడుడు. గోపురము బద్దపై నాలుగంగుళముల మేర ఆక్రమించినచో అది 300 గజముల దూరమున నున్నది. మూడంగుళములైనచో 400, రెండైనచో 600 గజములు. ఎత్తు తెలిసిన వస్తువు ఏదైనను కొలబద్దయే. దూరదర్శినిలలో గీతలు గీయించుకొను నేటి గురికాండ్రు చేయునదియు ఇదియే. అయితే గోపురమెత్తు మనకు తెలియును. పొదలమాటున సగమే కనిపించు దుప్పి ఎత్తెంత? అది పెద్దదో, పిల్లయో? ఇచటనే లెక్క తప్పుటకు మొదలిడును.

తప్పినచో ఏమగును? అదే 2,400 అడుగుల వేగము గల గుండును తీసికొని, గాలిని విడిచియే చూతము. దుప్పి 150 గజములలో నుండగా 100 అని తలచితిమి. గుండు రెండుంపావు అంగుళములు క్రిందుగా తగులును. అంతగా ప్రమాదము లేదు. అది 400 గజములలో నుండగా 350 అని తలచితిమి. అదే ఏబది గజముల పొరపాటు; కాని గుండు ఆరంగుళములు క్రిందుగా పోవును. గాలిని కలిపినచో ఇంకను ఎక్కువ. గుండెకు పెట్టిన గురి కాలికో, పొట్టకో తగులును. కన్ను చేయు తప్పు ఒక్కటే అయినను, దూరము పెరిగినకొలది దాని శిక్ష హెచ్చుచుండును. ఈ శిక్షను అనుభవించునది వేటగాడు కాదు, జంతువు.

కొండసీమలో మరియొక చిక్కు కలదు. శేషాచలపు కొండలలో వేట సమతలమున జరుగునది కాదు. కొండ చరియపైనుండి లోయలోనికి కాల్చినచో గుండు క్రిందుగా పోవుననియు, లోయనుండి పైకి కాల్చినచో ఇంకను క్రిందుగా పోవుననియు పలువురు తలతురు. నిజము దీనికి విరుద్ధము. రెండు విధముల కాల్చినను గుండు మీదుగానే పోవును. పతనమునకు లెక్కింపవలసినది ఏటవాలు దూరము కాదు, నేలబారు దూరము. ముప్పది డిగ్రీల వాలున మూడువందల గజములలో నున్న జంతువుకు నేలబారు దూరము రెండువందల అరువది గజములే. మూడువందలకని తుపాకి నెత్తినవాడు దాని వీపుమీదుగా కాల్చును.

ఇన్ని చిక్కులు తెలిసిన వేటగాడేమి చేయును? ఈ సీమలో వేటాడినవారిలో ఒకరిని తలచుకొందము. బెంగుళూరు నివాసి కెన్నెత్ ఆండర్సన్ చిత్తూరు జిల్లా అడవులను బాగుగా ఎరిగినవాడు. రేణిగుంటకు దగ్గరి మామండూరు అడవులలోని నరభక్షక వ్యాఘ్రపు కథను ఆయన 1957లో వెలువడిన గ్రంథమున చెప్పెను. ఆయన చేతనుండినది అమెరికాలో 1904లో వెలసిన 405 వించెస్టరు తూటా గల రైఫిలు. దాని గుండు బరువైనది, మొద్దుమొనది. దగ్గర దూరమున దాని దెబ్బకు తిరుగు లేదు. కాని రెండువందల గజములలో అది దాదాపు ఒకటిన్నర అడుగు, మూడువందల గజములలో సుమారు నాలుగడుగులు దిగజారును. దూరపు గురికి అది తగిన ఆయుధము కాదు. అందుచే ఆయన కథలు దూరమునుండి కొట్టిన గొప్పలు కావు. మంచెపై రాత్రులు మేలుకొని, చెట్టుబోదె కానుకొని, పులి కొన్ని గజములలోనికి వచ్చువరకు ఊపిరి బిగబట్టిన కథలవి. పతనపు లెక్కను ఆయన తప్పించుకొనినది గణితముచేత కాదు, దగ్గరకు చేరుటచేత, ఓర్పుచేత.

ఓర్పు లేనివారి గుండు ఏమి చేయునో కుమావూను కొండలలోని చంపావతి ఆడపులి చెప్పినది. 436 మందిని పొట్టను బెట్టుకొనినదని పేరుపడిన ఆ పులిని జిమ్ కార్బెట్ 1907లో చంపెను. చూడగా దాని కుడివైపు కోరపళ్ళు, పైదియు క్రిందిదియు, విరిగి యున్నవి. ఎవరో ఎన్నడో కాల్చిన తుపాకిదెబ్బ ఫలితమది. సహజమైన ఆహారమును పట్టలేక అది మనుష్యుల పాలబడినదని కార్బెట్ వ్రాసెను. ఎవరో ఒకరి చేతి తప్పుగురికి, ఆ వేటగానిని ఏనాడును చూడని పల్లెలు వెల చెల్లించినవి. మేమీ ప్రసంగమున అంకెలను ఇంతగా విప్పి చెప్పుటకు కారణమిదియే. పతనపు అంగుళములు కాగితముపై చిన్నవి. అడవిలో అవి చావునకును, చావని గాయమునకును నడుమ నుండు దూరములు.

ఆ వేటకాలము ముగిసినది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. తిరుమల చుట్టునున్న అడవులు 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయవనమైనవి. 2010లో శేషాచలము జీవావరణ రక్షితప్రాంతమైనది. అచట వేట నేడు నేరము. లెక్క మాత్రము ముగియలేదు. గురిపోటీలలో పాల్గొను క్రీడాకారులకు అది నిత్యపాఠము. అంతకంటె ముఖ్యముగా, దారితప్పి ఊళ్ళలోనికి వచ్చిన చిరుతను, ఏనుగును మత్తుమందు సూదితో పడగొట్టు పశువైద్యునకు అది ప్రాణాధారము. ఆ సూది తుపాకిగుండువలె వేగముగా పోదు. గుండుకంటె ఎంతో త్వరగా వంగి దిగును. అందుచే వైద్యుడు ముందుగా కాంతికిరణముతో దూరమును కొలిచి, దానికి తగినంత వాయుబలమును అమర్చిన పిదపనే మీట నొక్కును. తక్కువైన సూది నేలపాలగును. ఎక్కువైన జంతువు ఎముక విరుగును. చంపుటకు పుట్టిన లెక్క నేడు బ్రతికించుటకు పనిచేయుచున్నది.

తుదకు మరల తిన్ననివద్దకే వత్తము. స్వామి ఒక కంట నెత్తురు కారగా తిన్నడు తన కన్ను పెరికి అచట నుంచెను. రెండవ కంటను కూడ నెత్తురు కారినది. తనకు మిగిలిన కన్నును పెరికినచో చీకటే. స్వామి కన్ను ఎచటనున్నదో తెలియదు. అప్పుడతడు చెప్పుకాలిని స్వామి కంటిపై ఆనించి గుర్తు పెట్టుకొనెను. భక్తులు ఇందు నిష్కల్మషమైన భక్తిని చూతురు, అది నిజము. మాకు ఇందు ఒక వేటగాని జీవితకాలపు శిక్షణ కూడ కనిపించును. చూడలేని చోటికి చేయి చాపునపుడు ఊహను నమ్మలేదు, గుర్తును నమ్మినాడు. దూరము తెలియని చోటికి గుండు విడువకుండుటయే గురికానికి మొదటి పాఠమని మూడు శతాబ్దముల గణితము చెప్పినది. కాళహస్తి కొండపై నొక బోయవాడు దానిని ముందే ఎరిగి యుండెను.